కూతకు లెక్క: చెడుగుడులో ఏది ప్రయత్నం, ఏది కాదు

జట్టు ఆటల వార్తల్లో తరచుగా కనిపించే మాట ‘ప్రయత్నం’. ఒక జట్టు గోలుపైకి పద్నాలుగు ప్రయత్నాలు చేసిందనీ, వాటిలో ఐదే గురిలో పడ్డాయనీ రాస్తారు. చదివేవారికి అర్థం స్పష్టంగానే తోస్తుంది. కానీ ఆ పద్నాలుగును లెక్కించినవారు దేన్ని ప్రయత్నంగా ఒప్పుకున్నారు, దేన్ని తోసిపుచ్చారు అని అడిగితే, విషయం వెంటనే చిక్కుపడుతుంది. గోలు అయిందా కాలేదా అన్నది బంతి గీత దాటిందా లేదా అన్నదానిపై తేలుతుంది. ప్రయత్నం జరిగిందా లేదా అన్నది మాత్రం నిర్వచనం మీద తేలుతుంది. ఆ నిర్వచనం ఒక్కో ఆటలో ఒక్కో విధంగా ఉంది. ఆట తెలుగువారిదైనప్పుడు అందులో భాష కూడా ఒక పక్షమవుతుంది. ఈ వ్యాసం ప్రధానంగా చెడుగుడును తీసుకుని ఆ సంగతిని పరిశీలిస్తుంది.

కృష్ణా డెల్టా దిగువ భాగంలో, ఘంటసాల, చల్లపల్లి, మొవ్వ మొదలు దివిసీమ ఊళ్ళ వరకు, చెడుగుడు అంటే ముందుగా గుర్తొచ్చేది సంక్రాంతి. వరి కోతలయ్యాక చాలా చేలల్లో మినుము మొలకెత్తి ఉంటుంది కాబట్టి ఆటకు చోటు బడి ఆవరణో, చెరువుగట్టు పక్కనున్న ఖాళీస్థలమో, కాలువ ఒడ్డో అవుతుంది. నేలమీద ముగ్గుపిండితోనో సున్నంతోనో నాలుగు హద్దులు, నడుమ ఒక గీత గీస్తే బరి సిద్ధం. ‘బరి’ అన్న ఈ మాట కోడిపందేలకూ ఇదే, ఎన్నికలకూ ఇదే. అలాంటి పల్లెటూరి ఆటలో తగాదా వచ్చిందంటే అది ఎక్కువగా పాయింటు గురించి కాదు. “కూత తెగింది” అని ఒక పక్షం, “తెగలేదు” అని మరొక పక్షం. అంటే, జరిగినది అసలు ఒక ప్రయత్నమా కాదా అన్నదే వాదం. ముట్టుకున్నాడా లేదా అన్న ప్రశ్న దాని తరువాతే వస్తుంది.

ఇతర ఆటల లెక్క

చెడుగుడు ప్రత్యేకత తెలియాలంటే మిగిలిన ఆటలు ఈ చిక్కును ఎలా తీర్చుకున్నాయో కొంత చూడాలి.

ఫుట్‌బాల్ గణాంకాల్లో సాధారణంగా పాటించే పద్ధతి ప్రకారం, గురిలో పడిన ప్రయత్నం అంటే గోలు అయినది, లేదా గోలీ అడ్డుకోకపోతే గోలు అయి ఉండేది. గోలీని దాటిపోయిన బంతిని చివరి రక్షకుడు గీత మీద ఆపితే అదీ గురిలో పడినట్టే. గోలు స్తంభానికి తగిలి వెనక్కి వచ్చినది మాత్రం గురి తప్పినట్టే లెక్క. అంగుళం తేడాతో స్తంభాన్ని మోగించిన దెబ్బ గురి తప్పినది. గోలీ చేతుల్లోకి మెల్లగా దొర్లిన బంతి గురిలో పడినది. చూసేవారికి ఇది అన్యాయంగా తోస్తుంది. కానీ ఈ లెక్క అడిగే ప్రశ్న దెబ్బ ఎంత గొప్పది అని కాదు. ఎవరూ అడ్డుపడకపోతే బంతి ఎక్కడికి చేరేది అని. ఇంకొక విచిత్రం: సహచరుడికి అందించాలని తన్నిన బంతి దారి మళ్ళి నేరుగా గోలులో పడితే అది గురిలో పడిన ప్రయత్నంగా నమోదవుతుంది. ఉద్దేశం లేకపోయినా ఫలితం ఉద్దేశాన్ని వెనక్కి వెళ్ళి కల్పిస్తుంది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4–2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోళ్ళు చేశాడు. హైదరాబాదు ఫుట్‌బాల్ చరిత్ర చెప్పేవారందరికీ ఆ అంకెలు కంఠస్థం. గోలు జ్ఞాపకంలో నిలుస్తుంది. ప్రయత్నాన్ని ఎవరైనా రాసిపెడితేనే నిలుస్తుంది.

మంచు హాకీలోనూ స్తంభానికి తగిలినది గురిలో పడినట్టు కాదు. దారిలో రక్షకుడు అడ్డుకున్నది వేరే పద్దులోకి పోతుంది. మైదానపు హాకీలో అసలు నియమమే ప్రయత్నానికి చోటు నిర్ణయించింది. గోలు గీత నుంచి 14.63 మీటర్ల దూరంలో గీసిన వలయం లోపల దాడిచేసే ఆటగాడి కర్ర బంతిని తాకితేనే గోలు చెల్లుతుంది. బయటినుంచి కొట్టినది ఎవరినీ తాకకుండా గోలులో పడ్డా అది గోలు కాదు. పెనాల్టీ కార్నర్‌లో తొలి దెబ్బను కర్ర వెనక్కి ఎత్తి కొడితే బంతి గోలు గీతను 460 మిల్లీమీటర్లకు, అంటే గోలు పలక ఎత్తుకు, మించి దాటకూడదు. బాస్కెట్‌బాల్‌లో మరొక రీతి. బంతి వేస్తున్నవాడిని ప్రత్యర్థి నియమవిరుద్ధంగా అడ్డుకుంటే, ఆ బంతి బుట్టలో పడకపోతే అది ప్రయత్నమే కాదు. పడితే మాత్రం ప్రయత్నమూ అవుతుంది, సాఫల్యమూ అవుతుంది. క్రికెట్ తెలుగు పాఠకుడికి మరింత దగ్గరిది. వైడ్ బంతి బ్యాటర్ ఎదుర్కొన్న బంతుల్లో చేరదు, నోబాల్ చేరుతుంది. రెండూ ఓవరులోని ఆరు బంతుల్లో చేరవు. ఒకే బంతి ఒకరి ఖాతాలో ఉండి మరొకరి ఖాతాలో లేకపోవడం ఇక్కడ ఎవరికీ వింతగా తోచదు.

ఈ ఆటలన్నిటిలో ప్రయత్నం ఆట ప్రవాహంలోంచి ఏరి తీయవలసిన అంశం. ఎప్పుడు మొదలైందో, ఎక్కడ ముగిసిందో లెక్క రాసేవాడు నిర్ణయించాలి. చెడుగుడులో అలా కాదు. అది వంతుల ఆట. ప్రతి వంతూ ఒక ప్రయత్నమే. దానికి మొదలూ చివరా ఆటగాడి నోటిలోనే ఉన్నాయి.

గుక్క అనే కొలత

‘కూయు’ ధాతువు నుంచి ‘కూత’ వచ్చింది. ‘కోయు’ నుంచి ‘కోత’, ‘మేయు’ నుంచి ‘మేత’ వచ్చినట్టే. కోడికూత, రైలుకూత అన్నప్పుడు అది కేవలం శబ్దం. చెడుగుడులో కూత శబ్దం మాత్రమే కాదు, కాలపు కొలత కూడా. ఒక గుక్కలో ఎంతసేపు ఆ మాటను పలకగలిగితే అంతసేపే ఎదుటి బరిలో ఉండే హక్కు. ఊపిరి తీసుకున్నాడంటే హక్కు పోయింది. పట్టుబడి నేలమీద పడ్డవాడు కూడా కూత సాగుతున్నంతవరకు చావలేదు. చేయి చాచి నడిగీతను అందుకుంటే బతికినట్టే. ‘చావడం’, ‘బతకడం’ అన్న మాటలు ఈ ఆట సొంత పరిభాష. ఔటైనవాడు చచ్చాడు, తిరిగి వచ్చినవాడు బతికాడు. జట్టు పాయింటు సాధించిన కొద్దీ చచ్చినవారు వరుసగా బతికి వచ్చే పద్ధతికి సంజీవని అని పేరు. ఒకసారి చచ్చినవాడు ఎదుటి జట్టు మొత్తం చచ్చేవరకో తన జట్టు మొత్తం చచ్చేవరకో బయటే ఉండే పద్ధతి గామిని. ఎవరూ బయటకు పోకుండా పాయింటు మాత్రమే రాసుకునేది అమర్. నేటి జాతీయ, అంతర్జాతీయ నియమాలు సంజీవని మీదనే నిలిచాయి.

గుక్కను కొలతగా పెట్టుకున్న ఆటలో ఒక ప్రజాస్వామ్యం ఉంది, ఒక ఇబ్బందీ ఉంది. గడియారం అక్కర్లేదు, ఎక్కడైనా ఆడవచ్చు. కానీ గుక్క ఎప్పుడు తెగిందో చెప్పవలసింది చెవి. అందరి చెవీ ఒకటి కాదు. పైగా జనం కేకల మధ్య కూత వినబడకపోతే, తెగిందో లేదో చెప్పేదెవరు? అందుకే నియమాలు కూత స్పష్టంగా వినబడాలని పట్టుబడతాయి. ఇప్పుడు దానికి తోడు 30 సెకన్ల గడువు చేరింది. ఊపిరి ఇంకా మిగిలి ఉన్నా గడువు మించితే రైడర్ ఔట్. మామూలుగా ఇది చిన్న సవరణగా కనిపిస్తుంది. వాస్తవంలో ప్రయత్నపు ప్రమాణం ఆటగాడి ఊపిరితిత్తుల నుంచి తెరమీది అంకెల్లోకి మారింది. ఎక్కువ గుక్క ఉన్నవాడికి మునుపు ఉన్న పైచేయి ఇప్పుడు చాలావరకు లేదు.

గీతలు చేసిన పని

గుక్క ఒక్కటే ఉంటే ఒక మోసానికి వీలుంది. కూత పెడుతూ నడిగీతకు అటు ఒక అడుగు వేసి, కాసేపు నిలబడి, ఎవరి దగ్గరికీ వెళ్ళకుండా తిరిగి రావచ్చు. పల్లెటూరి ఆటలో అలాంటివాడిని గేలిచేసి లోపలికి తోసేది చుట్టూ ఉన్న జనమే. నియమబద్ధమైన కబడ్డీలో ఆ పనిని ఒక గీత చేస్తుంది. పురుషుల బరి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. నడిగీత నుంచి 3.75 మీటర్ల దూరంలో బాక్ లైన్ ఉంటుంది. స్త్రీల బరి 12 మీటర్లు, 8 మీటర్లు. అక్కడ ఈ దూరం 3 మీటర్లు. కూతకు వెళ్ళినవాడు ఒక్కసారైనా ఈ గీత దాటాలి. దాటకుండా, ఎవరినీ తాకకుండా వెనక్కి వస్తే అతడు ఔట్, ఎదుటి జట్టుకు పాయింటు. ఎవరినైనా తాకినవాడికి ఈ నిబంధన వర్తించదు. హాకీలోని వలయానికీ ఈ గీతకూ పోలిక ఉంది, కానీ శిక్షలో తేడా ఉంది. హాకీలో వలయం బయట కొట్టినవాడు గోలును మాత్రమే పోగొట్టుకుంటాడు. ఇక్కడ ప్రయత్నించనివాడు ప్రాణమే పోగొట్టుకుంటాడు.

దానికి మరొక మీటరు లోపల బోనస్ గీత. ఎదుటి బరిలో ఆరుగురు లేదా ఏడుగురు ఉన్నప్పుడు, వెనక కాలు గాలిలో ఉండగా ముందు కాలు ఈ గీతకు అవతల నేలను తాకితే ఒక పాయింటు. ఎవరినీ తాకనక్కర్లేదు. అయితే ఈ పాయింటుతో చచ్చినవాడెవడూ బతికి రాడు. తాకి తెచ్చిన పాయింటు ఒక మనిషిని వెనక్కి తెస్తుంది, గీత దాటి తెచ్చినది అంకెను మాత్రమే పెంచుతుంది. పట్టికలో రెండూ ‘1’ అనే కనిపిస్తాయి.

వీటన్నిటి తరువాత మిగిలేది ఖాళీ కూత. గీత దాటాడు, ఎవరినీ తాకలేదు, పట్టుబడలేదు, తిరిగి వచ్చాడు. ఇది ప్రయత్నమే, కానీ ఫలితం సున్న. ఫుట్‌బాల్ భాషలో దీన్ని గురి తప్పినదిగా పోల్చడం సరికాదు. ఆధిక్యంలో ఉన్న జట్టు కావాలనే ఖాళీ కూతలు పెట్టి కాలం గడుపుతుంది. అది ఒక వ్యూహం. 2014లో మొదలైన ప్రో కబడ్డీ లీగ్ ఈ వ్యూహానికి అడ్డుకట్ట వేసింది. ఒక జట్టు వరుసగా రెండు ఖాళీ కూతలు పెడితే మూడోది చావోరేవో. పాయింటు తేకపోతే రైడర్ ఔట్. అంటే, ప్రయత్నం జరిగితే చాలదు, అది అప్పుడప్పుడైనా ఫలించాలి అని ఆట తన నిర్వచనాన్నే బిగించింది. ఫుట్‌బాల్‌లో గురి తప్పిన ప్రయత్నాలకు ఇలాంటి శిక్ష ఉంటే మైదానం సగం ఖాళీ అయిపోయేది.

పట్టు పట్టేవారి సంగతి వేరు. రైడర్‌ను నలుగురు కలిసి ఆపుతారు. ఒకరు మడమ పట్టుకుంటారు, ఒకరు నడుము, మరొకరు దారి మూసేస్తారు. గణాంకాల్లో ట్యాకిల్ పాయింటు సాధారణంగా ఒక్కరి పేరున పడుతుంది. దారి మూసినవాడి శ్రమ ఎక్కడా నమోదు కాదు. గోలు గీత మీద బంతి ఆపిన రక్షకుడికి కనీసం ఒక పద్దు ఉంది. కబడ్డీ విశ్లేషణ తెలుగులో రాసేవారు రైడ్ పాయింట్లకే ఎక్కువ చోటివ్వడానికి ఇదొక కారణం. లెక్కలో ఉన్నదే వాక్యంలోకి వస్తుంది.

హాంగ్‌ఝౌ లాబీ

నిర్వచనం ఎంత బరువు మోయగలదో 2023 అక్టోబరు 7న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల పురుషుల ఫైనల్ చూపించింది. భారత్, ఇరాన్ 28–28 వద్ద ఉన్నాయి. ఆట ముగియడానికి నిమిషానికి కాస్త పైగా మిగిలి ఉంది. పవన్ సెహ్రావత్ చావోరేవో కూతకు వెళ్ళాడు. ఎవరినీ తాకకముందే అతని కాలు లాబీలో పడింది. ఇరాన్ రక్షకులు అతని వెంట లాబీలోకి వచ్చారు.

లాబీ అంటే బరికి రెండు పక్కలా ఉండే పట్టీ. రైడర్, రక్షకులు ఒకరినొకరు తాకి పెనుగులాట మొదలైన తరువాతే అది ఆటస్థలంలో భాగమవుతుంది. అంతకుముందు అందులో కాలు పెట్టడం బయటకు పోవడమే. పవన్ ఔట్ అన్నదానిలో సందేహం లేదు. వెంట వచ్చిన రక్షకుల సంగతేమిటి? ఒక నియమపాఠం ప్రకారం, రైడర్ లాబీలో కాలు పెట్టిన క్షణానే ఆ కూత ముగిసింది. ముగిసిన కూతలో ఇంకెవరూ ఔట్ కారు. మరొక పాఠం ప్రకారం, తాకుడు లేకుండా లాబీలోకి వచ్చిన ప్రతివాడూ ఔటే, అతడు ఏ జట్టువాడైనా. మొదటిది ప్రో కబడ్డీ లీగ్‌లో వాడుకలో ఉన్న కొత్త పద్ధతి, రెండవది పాతది. ఏ పాఠం వర్తిస్తుందన్న వాదంతో ఆట సుమారు గంటసేపు ఆగిపోయింది. నిర్ణయం ఒకటికి రెండుసార్లు మారింది. రెండు జట్లూ నిరసన తెలిపాయి. చివరికి భారత్ 33–29తో గెలిచింది.

ఇక్కడ గమనించవలసినది ఎవరు గెలిచారన్నది కాదు. వీడియో ఉంది, అనేక కోణాల నుంచి ఉంది. ఎవరి కాలు ఎక్కడ పడిందో ఎవరూ కాదనలేదు. తగాదా దృశ్యం మీద కాక నిర్వచనం మీద. కూత ఎప్పుడు ముగిసినట్టు? పల్లెటూరి ఆటలో ఈ ప్రశ్నకు జవాబు నోటిలో ఉంది. కూత సాగుతున్నంతవరకు కూత సాగుతున్నట్టే. గీతలు, గడువులు, లాబీలు చేరిన కొద్దీ కూత ముగింపు నోటి నుంచి కాలికి, కాలి నుంచి నియమావళి పుటకు జరిగింది. ఆ పుటలు రెండయ్యాక బంగారు పతకం మధ్యలో నిలబడిపోయింది. ఆ వారంలోనే జరిగిన లీగ్ వేలంలో పవన్‌ను తెలుగు టైటన్స్ రెండున్నర కోట్లకు పైబడిన ధరకు తీసుకోవడంతో తెలుగు పత్రికల్లోనూ ‘లాబీ’ అన్న మాటకు కొంత వివరణ పడింది.

చెల్లని మాట

ఇంతవరకు చెప్పిన వాటికంటే తెలుగు పరిశోధకుడు ఎక్కువ పట్టించుకోవలసిన నిబంధన ఒకటి ఉంది. నేటి నియమావళి ప్రకారం కూతగా అంగీకరించిన మాట ఒక్కటే: ‘కబడ్డీ’. ఎదుటి బరిని తాకకముందే దాన్ని మొదలుపెట్టాలి, తెంపకుండా పలకాలి. సరైన కూత పలకని రైడర్‌ను అంపైర్ వెనక్కి పంపవచ్చు; ఎదుటి జట్టుకు సాంకేతిక పాయింటూ కూత వంతూ దక్కుతాయి. దాని తాత్పర్యం సూటిగా ఇది: ‘చెడుగుడు’ అంటూ వెళ్ళినవాడు ప్రయత్నమే చేయనట్టు.

ఉపఖండంలో ఈ ఆట పేర్లు ఎక్కువగా కూతనుంచే పుట్టాయి. తమిళంలో సడుగుడు, మహారాష్ట్రంలో హుతుతు, బెంగాల్లో హాడుడు. అన్నీ గుక్క తిప్పుకోకుండా వేగంగా పలకడానికి వీలైన ధ్వనుల గుంపులు. తెలుగు ‘చెడుగుడు’లోని డకారాల ఆవృత్తిని వరుసగా ఇరవైసార్లు పలికి చూస్తే నాలుక ఎక్కడా తట్టుకోదని తెలుస్తుంది. ఈ పేర్లన్నీ ఒకే ఆటవి కావనీ, ఒక్కోదానికి కొద్దిగా వేరే పద్ధతులున్నాయనీ కూడా గుర్తుంచుకోవాలి. రాష్ట్రాల మధ్య పోటీలు జరగాలంటే ఒకే బరి కొలత, ఒకే కూత అవసరమయ్యాయి. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ప్రదర్శన క్రీడగా, 1990 బీజింగ్‌లో పతకాల క్రీడగా చేరినప్పుడు ఈ ఆటకు ఒకే పేరు ఉంది. అంపైర్ ఏ దేశంవాడైనా కూత తెగిందో లేదో వినగలగాలంటే మాట ఒకటే కావడం న్యాయమైన ఏర్పాటు. దీన్ని ఒక భాషపై మరొక భాష చేసిన దండయాత్రగా వర్ణించడం అతిశయోక్తి. అయినా ఏర్పాటు న్యాయమైనంత మాత్రాన పోయినది లేకుండా పోదు.

పోయినది ఏమిటి? మాట పోలేదు, ‘చెడుగుడు ఆడేశాడు’ అన్న జాతీయం ఇప్పటికీ సినిమా వార్తల్లోనూ రాజకీయ వార్తల్లోనూ వాడుకలో ఉంది. ‘కూతకు వెళ్ళాడు’ అన్న ప్రయోగమూ క్రీడా పుటల్లో బతికే ఉంది, ‘రైడ్’ పక్కన కాస్త ఒదిగి. మారినది ఈ మాటల అధికారం. ‘చెడుగుడు’ ఒకప్పుడు ఆటకు పేరు, కూతకు మాట, కాలానికి కొలత, మూడూ తానే. ఇప్పుడు పేరుగా మాత్రమే మిగిలింది. ఘంటసాల వంటి ఊరి బడి ఆవరణలో పిల్లలు ఆటను చెడుగుడు అనే పిలుచుకుని, జట్టులో చేరిన మరుక్షణం నుంచి ‘కబడ్డీ’ అని కూయడం నేర్చుకోవలసి ఉంటుంది.

నిఘంటుకారుడికి దీనివల్ల ఒక నిర్దిష్టమైన పని ఏర్పడుతుంది. ‘కూత’ పదం కింద ‘చెడుగుడులో పలికే మాట’ అని మాత్రమే రాస్తే సగం అర్థమే చెప్పినట్టు. ‘ఆ మాటను ఒక గుక్కలో పలుకుతూ ఎదుటి బరిలో చేసే ప్రయత్నం, ఆ ప్రయత్నానికి పట్టే కాలం’ అన్న రెండవ అర్థం వేరుగా ఉండాలి. ‘మూడో కూతలో చచ్చాడు’ అన్న వాక్యం దానితోనే బోధపడుతుంది. ‘ఖాళీ కూత’, ‘కూత తెగు’ అన్నవి ఉపపదాలుగా చేరాలి. ‘రైడ్’కు సమానార్థకంగా ‘దాడి’ని ఎక్కించడం కంటే ‘కూత’నే నిలపడం మేలు, ఎందుకంటే దాడిలో ఊపిరి లేదు. ‘చెడుగుడు’ ఆరోపంలో మాత్రం వాడుక కాలాన్ని గుర్తించే సూచన ఒకటి ఉండాలి: ఆట పేరుగా వర్తమానం, కూతగా నియమబద్ధ పోటీల్లో చెల్లదు.